పులి పేరు చెప్పి

ఆడది ఒంటరిగా ఎక్కడైనా ఉండాలనుకున్న మరుక్షణం అక్కడొక పులి పుట్టుకొస్తుంది. హైదరాబాదులో అద్దెకి గది వెతుక్కుంటే ఆ పులి పేరు ఇంటి ఓనరు. రాత్రిపూట ఆటో ఎక్కితే దాని పేరు 'రోజులు బాగాలేవు'. పై చదువుకి వేరే రాష్ట్రం పోతానంటే దాని పేరు పెళ్లి వయసు. ఇన్నాళ్లకి నా విషయంలో నిజమైన పులే దొరికింది. మా ఊరు శిరివెళ్లకి వెళ్లి ఉండాలా వద్దా అని నేను కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. ఊరికి తూర్పున నల్లమల. నల్లమలలో పులులున్నాయి, చిరుతలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి. కాబట్టి నేను వెళ్లకూడదట. అంతే, వాదం ముగిసింది. ఇంత తొందరగా ముగిసే వాదాలని అనుమానించడం స్త్రీవాదం నాకు నేర్పిన మొదటి పాఠం.

నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నాకు ముప్పై ఏడేళ్లు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. పర్మినెంటు ఉద్యోగం లేదు. గంటల లెక్కన జీతమిచ్చే పాఠాలు, ఏడాదికోసారి పొడిగిస్తారో లేదో తెలియని ప్రాజెక్టులు, వీటితో ఎనిమిదేళ్లు గడిచాయి. పెళ్లి చేసుకోలేదు. అమ్మ ముందే పోయింది. నాయన పోయాక శిరివెళ్లలో ఇల్లూ, నాలుగెకరాల పొలమూ ముగ్గురు పిల్లలకి మిగిలాయి. అన్నలిద్దరిలో ఒకరు బెంగుళూరులో, ఒకరు నంద్యాలలో స్థిరపడ్డారు. ఊరి ఇంటికి తాళం. పొలం కౌలుకి.

వెళ్లి అక్కడే ఉంటాననగానే మూడు రకాల మాటలు వినిపించాయి. పెద్దన్న అన్నాడు: "చిర్తపులులు తిరిగే ఊర్లో ఒక్కదానివి ఎట్లుంటావ్ పాపా? ఒక సంతకం పెట్టు, అమ్మేసి నీకూ ఏమన్నా ఇస్తాం గదా." నాతోపాటు పనిచేసే ఒకావిడ అంది: "ఆ ఎడారిలో ఏం చేస్తావు? సెమినార్లకీ, సర్కిల్‌కీ దూరమైపోతావు." కవిత్వం రాసే ఒక మిత్రురాలు మాత్రం మురిసిపోయింది: "అడవి పక్కన ఇల్లా! ఎంత అదృష్టవంతురాలివి. ప్రకృతితో మమేకమైపోవచ్చు."

ఒకరు భయపెట్టారు, ఒకరు జాలిపడ్డారు, ఒకరు అసూయపడ్డారు. ముగ్గురికీ నా మీద ప్రేమ ఉంది, కాదనను. కానీ ముగ్గురిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

ముందు ఎడారి సంగతి తేల్చుకుందాం. రాయలసీమ అనగానే ఎడారి, కరువు, ఫ్యాక్షన్ అనే మూడు మాటలతో మన సాహిత్య విమర్శ సరిపెట్టుకుంటుంది. 'దత్త మండలాలు' అన్న పరాయి పేరు వద్దనుకుని ఈ ప్రాంతం రాయలసీమ అని పేరు పెట్టుకున్నది 1928లో, నంద్యాల సభలో. పేరు మార్చుకుని వందేళ్లు కావస్తున్నా చూసే కళ్లు మాత్రం మారలేదు. శిరివెళ్ల ఎడారి కాదు. నంద్యాలకీ ఆళ్లగడ్డకీ మధ్య, కర్నూలు-చిత్తూరు రహదారి మీద ఉన్న ఊరు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఆ పేరుతో ఒక తాలూకా ఉండేది. ఇప్పుడు మండలం. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుంచి విడదీసిన నంద్యాల జిల్లాలో ఉంది. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, రెండిటి నడుమ కుందూ నది పారే నల్లరేగడి మైదానం. కె.సి. కాలవ నీళ్లు అందిన చోట వరి పండుతుంది, అందని చోట శనగ, జొన్న, మిరప. కాలవకి ఈ పక్కన తడి, ఆ పక్కన ఎండు. అదే ఊళ్లో ఒకరికి మాగాణి, ఒకరికి మెట్ట. ఎడారి అనేది ఇక్కడ భౌగోళికం కాదు, వాటా.

నీటిని పంచడంలోనే ఎడారి తయారవుతుందనడానికి దూరదేశంలోనూ ఒక సాక్షి ఉంది. అమెరికన్ రచయిత్రి మేరీ ఆస్టిన్ కాలిఫోర్నియాలో ఎండిన నేలల మధ్య, ఓవెన్స్ లోయలో కాపురముండి 1903లో 'ద లాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్' రాసింది. వాన తక్కువ నేలని ఖాళీ నేలగా కాక, మనుషులూ జంతువులూ దారులూ నీటిగుంటలూ ఉన్న నేలగా చూసిన పుస్తకమది. పదేళ్లకి, 1913కల్లా లాస్ ఏంజెల్స్ నగరం ఆ లోయ నీళ్లని కాలవ కట్టి తీసుకుపోయింది. మా వైపు నల్లమల అంచుల్లో తెలుగుగంగ కాలవ పోతుంది. మద్రాసుకి తాగునీళ్లిచ్చే 1983 ఒప్పందం దానికి ఆధారం. తాగునీళ్లు ఇవ్వొద్దని నేనడం లేదు. నీళ్లు నగరానికి పోయేటప్పుడు ఏ నేలా ఎడారి కాదు, మనుషులు అక్కడ ఉండాలనుకున్నప్పుడే ఎడారి అవుతుంది, ఈ వింత చూడమంటున్నాను.

ఇక పులి. పులి అబద్ధమని నేను వాదించబోవడం లేదు. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. దానికి దక్షిణంగా, మా వైపు నల్లమలని 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా ప్రకటించారు. 2023 మార్చిలో ఇదే జిల్లాలో పెద్దగుమ్మడాపురం అనే ఊళ్లోకి నాలుగు పులికూనలు వచ్చాయి. నాలుగూ ఆడవే. తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ సిబ్బంది రోజుల తరబడి ప్రయత్నించి, కుదరక తిరుపతి జూకి తరలించారు. ఆ రోజుల్లో పేపర్లు, టీవీలు 'తల్లి కోసం ఎదురుచూపు', 'కన్నపేగు' అంటూ ఎంత కన్నీరు కార్చాయో గుర్తుండే ఉంటుంది. ఆడపులి కూడా మంచి తల్లో కాదో మనమే తీర్పు చెప్పాలి కాబోలు! అడవి ఎందుకు చిక్కిపోయింది, ఆ తల్లి తిరిగే దారిలో ఏమేం అడ్డం వచ్చాయి అన్నవి మాత్రం ఎవరికీ కన్నీళ్లు తెప్పించే ప్రశ్నలు కాలేదు.

ఆ మరుసటి ఏడాది, 2024 జూన్‌లో, మా శిరివెళ్ల మండలంలోనే పచ్చర్ల దగ్గర ఒక మహిళని చిరుత చంపింది. ఆమె కట్టెల కోసం అడవిలోకి వెళ్లింది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాటు దారిలో ఉన్న ఊరది. ఆ తర్వాత బోను పెట్టారు, చిరుతని పట్టుకున్నారు, వేరే చోటికి తరలించారు. మా అన్న నాకు చెప్పే ఉదాహరణ ఇదే. ఫోన్ చేసినప్పుడల్లా "పచ్చర్ల సంగతి మర్చిపోయినావా" అంటాడు. మర్చిపోలేదు. మర్చిపోలేదు కాబట్టే అడుగుతున్నాను. ఆ చావు నుంచి ఆడవాళ్లు ఊళ్లో ఉండకూడదన్న నీతి ఎలా పుట్టింది? ఆమె ఒంటరిగా ఉండాలని పోయి చనిపోలేదు. పొయ్యి వెలగాలని పోయి చనిపోయింది. గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం మన రాష్ట్రంలో 1999లో మొదలైంది. ఉజ్వల 2016లో వచ్చింది. కాగితం మీద సిలిండరు వచ్చి పాతికేళ్లయినా 2024లో కూడా ఆడవాళ్లు కట్టెల కోసం అడవిలోకి పోతున్నారంటే సిలిండరు ఖరీదు గురించీ, నీళ్లు కాచుకోవడానికీ రొట్టెలు కాల్చుకోవడానికీ ఇంకా కట్టెల పొయ్యే దిక్కయిన ఇళ్ల గురించీ మాట్లాడాలి. కట్టెలు, నీళ్లు, మేత, ఇవి ఆడవాళ్ల పనులని రాసిపెట్టిన పితృస్వామ్యం గురించి మాట్లాడాలి. ఆ చర్చ జరగలేదు. చిరుత దొరికింది కాబట్టి సమస్య తీరింది.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆమెకీ నాకూ పులి ఒకటి కాదు. నాకు సిలిండరు ఉంది, మరుగుదొడ్డి ఉన్న ఇల్లుంది, గట్టి తలుపుంది. కావాలంటే బస్సెక్కి నంద్యాల పోగలను. చిరుత నాకు ఒక సంభావ్యత, ఆమెకి పని జరిగే చోట ఎదురయ్యే ప్రమాదం. ఆమె చావుని తెచ్చి నా మీద దుప్పటిలా కప్పడం ఆమెకీ అన్యాయమే, నాకూ అన్యాయమే. పేద స్త్రీలు రోజూ పోయే చోటికి 'చదువుకున్న మా ఇంటి ఆడపిల్ల' పోకూడదనడంలో కులం ఉంది, వర్గం ఉంది. పులి ఆ రెంటికీ ముసుగు.

భయాన్ని లెక్కల్లో కూడా చూద్దాం. పల్లెల్లో మనుషుల్ని ఎక్కువగా చంపేది పులి కాదు, పాము. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మంది పల్లెల వాళ్లే, పొలం పనుల వాళ్లే. అయినా "పాములున్నాయి, పొలం వదిలెయ్" అని ఏ మగవాడికీ ఎవరూ చెప్పరు. ఇంకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో 29 శాతం మంది భర్త చేతిలో హింసని అనుభవించినవాళ్లే. "ఇంట్లో మొగుడున్నాడు, పెళ్లొద్దు" అని ఏ అన్నా చెల్లెలికి చెప్పగా నేను వినలేదు. పైపెచ్చు ముప్పై ఏళ్లు దాటాక కూడా ఆ ఇంటికే పొమ్మని బతిమాలతారు. ప్రమాదం ఎంత ఉందన్నదాన్ని బట్టి భయం పుట్టదు. ఎవరిని ఎక్కడ ఉంచాలన్నదాన్ని బట్టి పుడుతుంది.

మా వైపు రైతులు అడవిపందుల కోసం రాత్రిళ్లు పొలాల్లో కాపలా పడుకుంటారు. కొందరు చట్టానికి విరుద్ధంగా కంచెకి కరెంటు పెడతారు. ఆ కరెంటుకి జంతువులూ పోతాయి, మనుషులూ పోతారు. అంతటి ప్రమాదం మధ్య కూడా మగవాడికీ నేలకీ ఉన్న సంబంధాన్ని ఎవరూ ప్రశ్నించరు. పులి ఉంటే మగవాడికి కంచె కావాలంటారు, బోను కావాలంటారు, పంట నష్టపరిహారం కావాలంటారు. అదే పులి ఉంటే ఆడదాని సంతకం కావాలంటారు.

అవును, సంతకం. తిరిగి తిరిగి అక్కడికే రావాలి. "ఒక సంతకం పెట్టు, నీకూ ఏమన్నా ఇస్తాం గదా" అన్న వాక్యాన్ని సాహిత్య విద్యార్థినిగా చాలాసార్లు చదువుకున్నాను. అమ్మేది 'మేము', ఇచ్చేది 'మేము', పుచ్చుకునేది 'నువ్వు'. ఆ 'ఏమన్నా' అన్న మాటలో చట్టం మొత్తం మాయమైపోయింది. భాగం కాస్తా బహుమానమైంది. ఆడపిల్లకి పుట్టింటి ఆస్తిలో హక్కు ఆంధ్రప్రదేశ్‌కి కొత్త కాదు. హిందూ వారసత్వ చట్టానికి 1986లో మన రాష్ట్రం చేసిన సవరణ, దేశమంతటికంటే ముందు, పెళ్లికాని కూతుళ్లని కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటాదార్లని చేసింది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కుని కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేదనీ 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. చట్టం ఇంత దూరం వచ్చింది. ఆచారం మాత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద కూర్చుని విడుదల దస్తావేజు రాయిస్తూనే ఉంది. సంతకం పెట్టిన ఆడపడుచు మంచిది, పండక్కి చీర వస్తుంది. పెట్టనిది పుట్టింటిని చెడగొట్టింది. నా తరంలో మా బంధువుల్లో దస్తావేజు మీద సంతకం పెట్టని ఆడపిల్లలని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో పులిని చూపించారు. ఒకరికి కోర్టు ఖర్చు, ఒకరికి అత్తింటి మర్యాద, ఒకరికి నాయన ఆరోగ్యం. నాకు నల్లమల చిరుత.

మనం, అంటే రాసే ఆడవాళ్లం, వర్జీనియా వుల్ఫ్ 'సొంత గది'ని ఎన్ని సభల్లో తలుచుకుంటామో! 1929లో వచ్చిన ఆ పుస్తకంలో గదితోపాటు ఏడాదికి ఐదొందల పౌండ్ల ఆదాయం కూడా ఉంది. ఆ డబ్బు కథకురాలికి ఎలా వచ్చిందో గుర్తుందా? బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త రాసిచ్చి పోయింది. అంటే సొంత గది పునాది వారసత్వం. అదీ మన దేశంతో ముడిపడ్డ వారసత్వం. గదిని పట్టుకుని వారసత్వాన్ని వదిలేశాం మనం. బీనా అగర్వాల్ 1994లో దక్షిణాసియా స్త్రీల భూమి హక్కుల మీద రాసిన పెద్ద పుస్తకానికి, వుల్ఫ్ పేరునే మార్చి, 'సొంత పొలం' అనే అర్థమొచ్చే పేరు పెట్టింది. ఉద్యోగం కన్నా, చదువు కన్నా కూడా గ్రామీణ స్త్రీకి భూమి మీద స్వతంత్రమైన హక్కు ఎందుకు ముఖ్యమో వాదించిన పుస్తకం. మన సాహిత్య విభాగాల్లో వుల్ఫ్ సిలబస్‌లో ఉంటుంది, అగర్వాల్ ఉండదు. ఆమెని ఎకనామిక్స్ వాళ్లకి వదిలేశాం.

ఇప్పుడు అసూయపడ్డ మిత్రురాలికి జవాబు. అన్నల భయం కంటే కూడా ఈ మురిపెం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఇది మన లోపలి నుంచి వస్తోంది. స్త్రీకీ ప్రకృతికీ ఏదో పేగుబంధం ఉందనీ, అడవి మధ్యకి పోతే స్త్రీ తన అసలు రూపాన్ని తెలుసుకుంటుందనీ ఒక ధోరణి. 1988లో వందనా శివ రాసిన 'స్టేయింగ్ అలైవ్' ఆ ఆలోచనకి పెద్ద బలమిచ్చింది. దానికి బీనా అగర్వాలే 1992లో జవాబు చెప్పింది. 'స్త్రీలు' అని గంపగుత్తగా అనొద్దు, ఏ కులం, ఏ వర్గం, ఏ పని చేసే స్త్రీలు అని అడగమంది. అడవితో స్త్రీ సంబంధం రక్తంలో లేదు, పనిలో ఉంది. పచ్చర్ల ఆమెకి అడవితో ఉన్నది మమేకత కాదు, మోపు.

మన సాహిత్యంలో అడవి ఎవరిది? కేశవరెడ్డి నవల పేరే 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలో గడిపిన రాత్రి అది. గొప్ప నవల. నేను పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థులు ఊపిరి బిగబట్టి విన్నారు. కానీ ఆ పేరులో కర్తని మార్చి చూడండి. 'ఆమె అడవిని జయించింది' అంటే మన చెవికి వెంటనే ఒక ప్రశ్న వినిపిస్తుంది, 'ఆమెతో ఎవరున్నారు?' చలం 'మైదానం'లో రాజేశ్వరి ఇల్లు విడిచి ఆరుబయటికే పోయింది. ఆ తెగువని మనం తరాలుగా చర్చిస్తున్నాం. కానీ ఆమె వెళ్లింది ఒక మగవాడి వెంట. ఆ మైదానంలో తనదంటూ ఒక గజం నేల లేదు. ప్రేమ బెడిసినప్పుడు నిలబడడానికి కాళ్ల కింద ఏమీ లేదు. చివరికి జైలు. శరీర స్వేచ్ఛ గురించి వందసార్లు మాట్లాడిన మనం ఆ గజం నేల గురించి ఒక్కసారైనా మాట్లాడామా?

మా పక్కనే ఉన్న అహోబిలం కథ చూడండి. సగం మృగం, సగం మనిషి అయిన నరసింహస్వామి అడవిలో చెంచులక్ష్మిని చూసి పెళ్లాడాడు. ఏటా సంక్రాంతి తర్వాత పారువేట పేరుతో స్వామి పల్లకి చుట్టుపక్కల పల్లెలన్నీ నెలకి పైగా తిరుగుతుంది, తన పెళ్లికి పిలవడానికి. చెంచులు ఆయన్ని తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. అందులో ఆత్మగౌరవం ఉంది, నాకిష్టమైన కథే. కానీ వేటాడేదీ ఆయనే, ఊళ్లు తిరిగేదీ ఆయనే. అడవి ఆమెది, ప్రయాణం ఆయనది. ఇక నిజం చెంచు స్త్రీల సంగతికొస్తే, వాళ్లు ఎవరి కవితకీ ప్రతీకలు కారు. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత పట్టాలని భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వమంటుంది. పులుల రక్షణ పేరుతో వాళ్లని గూడేల నుంచి కదిలించాలన్న మాట వచ్చినప్పుడల్లా ఆ చట్టమే వాళ్లకి ఆధారం. పులి పేరు చెప్పి ఖాళీ చేయమనడం నాకు ఇప్పుడే ఎదురైంది, వాళ్లకి దశాబ్దాల అనుభవం.

వోల్గా 'విముక్త' కథల్లో 'సమాగమం' ఉంది. ఆ సంపుటికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అందులో అడవిలో సీతకి కనబడే శూర్పణఖ తోట పెంచుకుంటూ ఉంటుంది. చాలామంది ఆ కథని ఇద్దరు స్త్రీల స్నేహం కోసం చదువుతారు. నేను ఈసారి తోట కోసం చదివాను. అవమానం పొందిన స్త్రీ అడవిలో మాయమైపోలేదు, తపస్సు చేయలేదు. నేల పట్టుకుని పని చేసింది. నాకు కావలసిన అడవి అది.

ఇంకో మాట మీద కూడా నాకు పేచీ ఉంది. 'బీడు'. పెళ్లికాని, పిల్లల్లేని స్త్రీ జీవితాన్ని మన కథలూ కవితలూ ఎన్నిసార్లు బీడు అన్నాయో! నేను ఊరికి పోతాననగానే ఒక దూరపు పిన్ని "బీడు బతుకు తెచ్చుకుని బీట్లోకి పోతాదంట" అన్నదని తెలిసింది. ఆమె ప్రాసకి మెచ్చుకోవాల్సిందే. కానీ మా జిల్లాలోనే నందికొట్కూరు వైపు రోళ్లపాడు ఉంది. రైతు కంటికి అక్కడి గడ్డినేల బీడే. ఆ బీట్లోనే బట్టమేక పిట్ట బతికింది. మీటరు ఎత్తు ఉండే పక్షి. నేల మీద గూడు కూడా కట్టకుండా సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. దాని కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు, వైశాల్యం ఆరు చదరపు కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. కృష్ణజింకలు పెరిగాయి. అవి పంటల మీద పడితే రైతులకి కష్టాలు పెరిగాయి. చుట్టూ మెట్టభూములు మారిపోయాయి, గడ్డి పోయింది, పిట్ట అరుదైపోయింది. 'ఉపయోగంలోకి' తెచ్చిన ప్రతి ఎకరమూ దాన్ని తరిమేసింది. బీడంటే ఏమీ లేనిది కాదు. లెక్క రాసేవాడికి పనికిరానిది, అంతే. దున్ని విత్తితే తప్ప నేలకి విలువ లేదన్న చూపే స్త్రీ శరీరాన్నీ చూస్తోంది. ఈ ఉపమానాన్ని ఇకనైనా మనం రాయడం మానెయ్యాలి. రాసినవాళ్లని అడగాలి కూడా.

ఇప్పుడు నిర్ణయం. శిరివెళ్లకి పోవాలా వద్దా అన్నదాన్ని పులి నిర్ణయించకూడదు, వెన్నెలా నిర్ణయించకూడదు. అయితే ఏవి నిర్ణయించాలి? నేను రాసుకున్న ప్రశ్నలు చాలా మామూలువి. అడంగల్‌లో, వన్‌బీలో నా పేరు ఎక్కుతుందా? వీధి చివర దీపం వెలుగుతుందా? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఉంటుందా, రాత్రి డాక్టరుంటారా? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. నంద్యాల కాలేజీలో గంటల పాఠాలు దొరికితే రోజూ పోయి రావచ్చు, దారి ఖర్చు లేకుండా. సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి? ఒంటరి స్త్రీ ఇంటికి ఎవరొచ్చారు, ఎవరు పోయారని లెక్కపెట్టే అరుగుల మీది మగవాళ్లతో ఎలా మాట్లాడాలి? చిరుతకంటే ఈ ఆఖరి ప్రశ్నకే నేను ఎక్కువ సిద్ధపడాలి. చిరుతకి పుకార్లు పుట్టించడం రాదు.

ఇంకో ప్రశ్న నన్ను నేనే అడగాలి. నా వాటాకి వచ్చే ఎకరం పైచిలుకు నేల మీద పదేళ్లుగా పని చేస్తున్నది నేను కాదు, కౌలు కుటుంబం. కలుపు తీసేదీ, మిరప కోసేదీ ఆ ఇంటి ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేవు. నా హక్కు గురించి ఇంత గొంతు పెంచి, వాళ్ల దగ్గరికొచ్చేసరికి 'భూయజమానురాలు' అయిపోతే నా స్త్రీవాదం మా అన్న ప్రేమ లాంటిదే అవుతుంది. కాబట్టి నేను పోయేది పొలం విడిపించుకోవడానికి కాదు. కౌలు ఒప్పందం కాగితం మీద పెట్టడానికి, అందులో ఆ ఇంటావిడ పేరు కూడా రాయడానికి. ఆమె ఒప్పుకుంటుందో, వాళ్లాయన ఏమంటాడో పోయాక తెలుస్తుంది.

సంక్రాంతి దాటాక వెళ్తున్నాను. పుస్తకాలు పన్నెండు అట్టపెట్టెలు అయ్యాయి. ఇంటికి కొత్త తాళం, వెనక వసారాకి ఇనుప తలుపు, టార్చిలైటు, గమ్‌బూట్లు కొనాలి. జాగ్రత్త వేరు, భయం వేరు. జాగ్రత్త వస్తువులు కొనమంటుంది, భయం హక్కులు అమ్మమంటుంది. మా అన్నలకి ఈ మాటే తెలుగులో, మర్యాదగా, ఉత్తరం రాశాను. భాగపంపకానికి తేదీ చెప్పమన్నాను. ఇంకా జవాబు రాలేదు.

ఈ పత్రిక చదివే మిత్రులకి ఒక విన్నపం. ఈసారి ఏ స్త్రీ అయినా మీతో ఊరికి పోయి ఉంటాననీ, కొండపక్క ఉంటాననీ, ఒంటరిగా ఉంటాననీ అంటే "భయం లేదా" అని అడక్కండి. "ఎంత అదృష్టమో" అని కూడా అనకండి. కాగితం ఎవరి పేరున ఉందో అడగండి. లేదంటే, వీలైతే, ఆమెతోపాటు ఒక పూట సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి రండి. అక్కడ సాక్షి సంతకాలకి ఎప్పుడూ మగవాళ్లే దొరుకుతారు.